బండికి పెళ్లిచూపులు

పికప్ బండి కింద వెల్లకిలా పడుకుని పైకి చూసిన ఆడవాళ్లు మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. నేను చూశాను. నలభై ఆరేళ్ల వయసులో, గంజి పెట్టిన నేతచీరతో, కింద గోనెపట్టా పరుచుకుని, మా చెల్లెలు పక్కన టార్చిలైటు పట్టుకుని కూర్చోగా చూశాను. నవ్వకండి. నవ్వడానికి ముందు ముందు ఇంకా చాలా ఉంది.

నా నవలల్లో హీరోలందరికీ కార్లున్నాయి. హీరోయిన్ చీర రంగుకి నప్పేలా కారు రంగు నేనే నిర్ణయిస్తాను. కారు మేడ ముందు ఆగడం, తలుపు తెరుచుకోవడం, మెరిసే బూటు ముందుగా నేల మీద ఆనడం... ఇంతవరకే నాకు తెలిసిన మోటారు శాస్త్రం. బి.ఏ.లో చరిత్ర, ఆర్థికశాస్త్రం, తెలుగు చదివినదాన్ని. యంత్రాలతో నా పరిచయం మా అమ్మ కుట్టుమిషనుకి నూనె పోయడం దగ్గరే ఆగిపోయింది.

అలాంటిదానికి మా చెల్లెలు ఫోను చేసి, "అక్కా, ఆదివారం బండి చూడ్డానికి వెళ్తున్నాం. నువ్వూ రా" అంది.

"బండి గురించి నాకేం తెలుసే?"

"తెలియకపోయినా ఫరవాలేదు. పెళ్లిచూపులకి వెళ్లేటప్పుడు నలుగుర్ని వెంటబెట్టుకు వెళ్లరూ? అలాగే అనుకో."

మా చెల్లెల్ని ఇచ్చింది ఎస్. రాయవరం. 2022 ఏప్రిల్లో అనకాపల్లి జిల్లా ఏర్పడేదాకా అది విశాఖపట్నం జిల్లాలోదే. విశాఖలో తుని వైపు వెళ్లే బస్సెక్కి, యలమంచిలి దాటాక అడ్డురోడ్డులో దిగి ఆటో ఎక్కాలి. వరిచేలూ, చెరుకుతోటలూ, కొబ్బరిచెట్లూ దాటుకుంటూ ఊరొచ్చేస్తుంది. 1862లో గురజాడ అప్పారావుగారు పుట్టిన ఊరది. ఆ సంగతి చెప్పకుండా మా చెల్లెలి అత్తవారింట్లో చుట్టాలకి కాఫీ కూడా ఇవ్వరు.

చెల్లెలి భర్తది కొబ్బరికాయల వ్యాపారం. తోటల్లో దింపు కాయలు కొని, పీచు వలిపించి, అనకాపల్లిలోనూ విశాఖలోనూ దుకాణాలకి వేసేవాడు. మూడేళ్ల క్రితం ఒక తెల్లవారుజామున గుండె నొప్పి అన్నాడు, అంతే. ఇక వ్యాపారం మూతపడుతుందని అందరం అనుకున్నాం. మా చెల్లెలు మాత్రం కర్మకాండ అయిన నాలుగో రోజున అతని లెక్కల పుస్తకం తీసి, ఎవరెవరు ఎంత బాకీ ఉన్నారో వేరే కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే రాసిందట. ఆ కాగితం నేను చూశాను, అక్కడక్కడ సిరా అలుక్కుపోయింది గానీ కూడిక మాత్రం తప్పలేదు.

ఇప్పుడు దానికొచ్చిన చిక్కల్లా కిరాయి బండి. "కాయ మీద మిగిలేదంతా బండివాడికే పోతోందక్కా. కార్తీకమాసంలో కాయకి ధర ఉన్నప్పుడు బండి దొరకదు. కాయలు గోదాములో, నేను అరుగు మీద" అనేది. కొత్త బండి కొనే తాహతు లేదు. చీటీ పాడగా వచ్చిన డబ్బుకి తోడు నాలుగు జతల గాజులు అమ్మేసింది. అమ్మేముందు నాకు చెప్పలేదు. "చెప్తే నువ్వు వద్దంటావు" అంది. నిజమే, అనేదాన్ని.

సరే, ఆదివారం బయల్దేరాం. మా చెల్లెలు, డిగ్రీ చదువుతున్న దాని కూతురు, చెల్లెలి మరిది, నేను, అడ్డురోడ్డులో ముప్ఫై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్న మెకానిక్ మేస్త్రి. మేస్త్రి మితభాషి. అడిగిన దానికి సగమే చెప్తాడు, మిగతా సగం తల ఊపుతాడు.

సముద్రం ఒడ్డునున్న ఒక ఊళ్లో, వేపచెట్టు కింద నిలబెట్టారు బండిని. నాకైతే చూడగానే నచ్చేసింది. తళతళలాడే తెల్లరంగు, ముందు బంతిపూల దండ, నిమ్మకాయా మిరపకాయలూ, వెనకాల రెండు చిలకల బొమ్మలు. పక్కనే మధ్యవర్తి. "నాలుగేళ్ల బండమ్మా. ఒక్క చేతి మీద నడిచింది. కూరగాయలు తప్ప వేరే లోడు ఎరగదు. ఆడపిల్లలా చూసుకున్నారు" అన్నాడు.

ఆ చివరి మాట దగ్గర నాకు మా పెళ్లిచూపులు గుర్తొచ్చాయి. నన్ను నాలుగడుగులు నడిపించారు, ఒక కీర్తన పాడించారు. మా పెద్దమ్మ కాలంలో అయితే జడ సొంతదా సవరమా అని లాగి చూసేవారట. ఇన్నేళ్లూ చూపించుకునే వరసలో కూర్చున్నవాళ్లం, ఇప్పుడు చూసే వరసలోకి వచ్చాం. తీరా వచ్చాక నేను చేసిన పనేమిటి? రంగు చూసి మురిసిపోవడం!

మేస్త్రి రంగు వైపు చూడనేలేదు. తిన్నగా వెళ్లి ఇంజను మూత మీద అరచెయ్యి ఆనించాడు. మేం వచ్చేదాకా బండి స్టార్టు చెయ్యొద్దని ముందురోజే గట్టిగా చెప్పించాడట. చెయ్యి తీసి, "ఏటి బావూ, రాత్రి బండికి జొరం గాని వచ్చిందేటి?" అన్నాడు.

మూత వెచ్చగా ఉంది. మధ్యవర్తి తడబడి, పొద్దున్నే పాలకి వెళ్లొచ్చామన్నాడు. పాల కోసం పికప్పా అని మా అమ్మడు కిసుక్కున నవ్వింది.

సంగతేమిటంటే, డీజిల్ ఇంజను బలం తెలిసేది రాత్రంతా చల్లబడి, పొద్దున్నే మొదటిసారి సెల్ఫు కొట్టినప్పుడేనట. లోపల అరిగిపోయిన ఇంజను కూడా ఒకసారి వేడెక్కితే బుద్ధిగా తిరుగుతుంది. అందుకే అమ్మేవాళ్లు ముందుగానే తిప్పి ఉంచుతారట. "అయితే చల్లారేదాకా కూర్చుందాం" అని మా చెల్లెలు అక్కడే అరుగు మీద కూర్చుంది. ఎండెక్కినా, మరిది విసుక్కున్నా కదల్లేదు. కిరాయి బండ్ల కోసం అరుగు మీద కూర్చుని కూర్చుని దానికి ఆ ఓపిక అలవాటైపోయినట్టుంది.

ఆ ఖాళీలో మేం ఊరికే కూర్చోలేదు. మేస్త్రి చెప్పగా మా చెల్లెలు ఇంట్లో ఫ్రిజ్ తలుపుకుండే అయస్కాంతం బొమ్మ ఒకటి తెచ్చింది. దాన్ని పల్చటి గుడ్డలో చుట్టి బండి ఒంటి మీద ఆనిస్తూ పోయింది. ఇనుప రేకు మీద ఠక్కున అతుక్కుంది. కుడివైపు తలుపు దగ్గరకి వచ్చేసరికి జారి కింద పడింది. మళ్లీ పెట్టింది, మళ్లీ పడింది. అక్కడ రేకు మీద దళసరిగా లప్పం పూసి రంగేశారన్నమాట. ఏదో గుద్దుకున్న బండే. ఏ మోటారు శాస్త్రమూ రాకపోయినా ఈ పరీక్ష ఎవరైనా చెయ్యొచ్చు, గుర్తుపెట్టుకోండి.

మీటరు చూస్తే 62 వేల కిలోమీటర్లే తిరిగినట్టుంది. కానీ క్లచ్చి పెడల్ మీది రబ్బరు అరిగి లోపలి ఇనుము బయటపడింది. "మీటరు ఎనక్కి తిప్పొచ్చు, కాలరుగుడు ఎనక్కి రాదు" అన్నాడు మేస్త్రి. ఆ రోజు అతను మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

మా అమ్మడు నంబరు పలక దగ్గర నిలబడి, "అమ్మా, ఇది ఏపీ 31. మన రాష్ట్రంలో 2019లో కొత్త బండ్లకి ఏ జిల్లా అయినా ఏపీ 39 అనే కదా ఇవ్వడం మొదలుపెట్టారు? అంటే ఇది అంతకుముందు బండి. నాలుగేళ్లది ఎలా అవుతుంది?" అంది. అంటూనే ఫోనులో ప్రభుత్వంవారి ఎం పరివాహన్ తెరిచి ఆ నంబరు కొట్టింది. బండి మూడు చేతులు మారింది. ఫిట్‌నెస్ గడువు దాటిపోయింది. ఫైనాన్సు బాకీ ఇంకా బండి మీదే ఉంది. ఒక్క చేతి మీద నడిచిన ఆడపిల్ల చరిత్ర అరనిమిషంలో బయటపడింది.

ఇంజను చల్లారాక సెల్ఫు కొట్టారు. నాలుగోసారికి అందుకుంది. వెనక గొట్టంలోంచి నీలం పొగ వచ్చింది. నల్లపొగ అయితే డీజిల్ సరిగ్గా మండడం లేదని అర్థమట. ఎంతసేపటికీ ఆగని తెల్లపొగ అయితే నీళ్లు లోపలికి పోతున్నాయని అనుమానించాలట. నీలం పొగ అంటే ఇంజను ఆయిల్ తాగుతోందని, బోరుకి వచ్చిందని. ఆయిలు పోసే మూత తీస్తే అందులోంచీ గుప్పుగుప్పున పొగ. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

అయినా మధ్యవర్తి తగ్గలేదు. "ఇంజను పని ఎంతలే అమ్మా! బాడీ చూడండి, ఉక్కు! కూరగాయల బండి" అన్నాడు.

అప్పుడు మా చెల్లెలు చీర కుచ్చిళ్లు దోపుకుని వెనక తొట్టిలోకి ఎక్కింది. మూలకి వెళ్లి వంగింది. ముక్కు ఎగబీల్చింది. కిందికి దిగి, "ఏ కూరగాయండీ? వంజరమా, చందువానా?" అంది.

చేపలు కడిగిన పళ్లెం ఏదో, కడగని పళ్లెం ఏదో చీకట్లో చెప్పగలిగే ముక్కు దానిది. ఎన్నిసార్లు సబ్బు పెట్టి తోమినా రేకు మడతల్లో ఇరుక్కున్న వాసన దాని దగ్గర దాగలేదు.

సముద్రం ఒడ్డు ఊళ్లలో చేపలు మోస్తే తప్పేం లేదు, అది వాళ్ల బతుకు. ఇబ్బందల్లా ఉప్పునీటితో. ఐసు కరిగి, చేపల ఉప్పునీరు దారి పొడుగునా తొట్టిలోంచి కిందికి కారుతుంది. అది ఇనుమును నెమ్మదిగా తినేస్తుంది. అందుకే కింద చూడాలి అన్నాడు మేస్త్రి. ఆ చూసే భాగ్యం నాకెందుకు పట్టిందంటారా? మేస్త్రికి మోకాళ్ల నొప్పి, మరిదికి తెల్లచొక్కా. "నేను చూస్తాను, ఎక్కడ చూడాలో చెప్పండి" అని నేనే పడుకున్నాను. నవల రాసేవాళ్లకి ఈ కుతూహలం ఒక రోగం.

బండి కింద మరో లోకం ఉంది. పై తళుకుతో దానికేమీ సంబంధం లేదు. రెండు పొడుగాటి ఇనుప దూలాలు. వాటినే ఛాసిస్ అంటారు. బండి వెన్నెముక అదే. దానికి కొత్తగా నల్లరంగు పూశారు. ఒకచోట మాత్రం చిరిగిన లంగాకి మాసిక వేసినట్టు ఇనుపముక్క పెట్టి వెల్డింగు చేశారు. స్క్రూడ్రైవరుతో మెల్లగా తట్టమన్నాడు మేస్త్రి. తట్టాను. అప్పడంలా రేకలు రాలి నా కంట్లో పడ్డాయి. కమాను పట్టీలు ఒకవైపు కుంగి ఉన్నాయి. మోయలేనంత బరువు ఏళ్ల తరబడి మోసినట్టు గుర్తట అది.

ఆ క్షణంలో నాకా బండి మీద కోపం రాలేదు. జాలేసింది. దానికి మాసిక వేసి, పూలదండ వేసి, ఆడపిల్లలా చూసుకున్నాం అన్నవాళ్ల మీదే కోపం వచ్చింది.

మధ్యవర్తి ఒక్కసారిగా 40 వేలు తగ్గించాడు. మరిది మెత్తబడి, "రేటు బాగుంది వదినా, పైన కొంత పెట్టి బాగు చేయించుకుందాం" అన్నాడు.

"రేటు తగ్గిస్తే తుప్పు తగ్గదు కదా బాబూ. ఆ బండి కింద రేపు మన డ్రైవరు ఉంటాడు, దాని ముందు ఎవరి పిల్లలో నడుస్తూ ఉంటారు" అంది చెల్లెలు. లేచి నమస్కారం పెట్టి వచ్చేశాం.

తిరిగి వస్తుంటే ఆటోలో నాకు కన్యాశుల్కం గుర్తొచ్చింది. డబ్బిచ్చి పెళ్లికూతుర్ని కొనుక్కున్న లుబ్ధావధాన్లుకి చివరికి దక్కిందెవరు? కరటకశాస్త్రి ఆడపిల్ల వేషం వేయించి తెచ్చిన శిష్యుడు మహేశం! బేరం మీదే ధ్యాస పెట్టినవాడికి వేషం కనపడదు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆ నాటకం ఆడారు. నాటకం రాసినాయన పుట్టిన ఊరికే వేషం వేసిన బండిని అంటగట్టబోయారు చూడండి!

రెండు వారాల తర్వాత మేస్త్రి ఇంకో బండి కబురు తెచ్చాడు. చోడవరం వైపు బెల్లం దిమ్మలు మోసిన బండి. ఈసారి పూలదండ లేదు. రంగు వెలిసిపోయింది, వెనక తలుపుకి సొట్ట. యజమాని వయసు మళ్లినవాడు. మేం దిగీదిగకుండానే, "రెండో గేరు కాస్త మొరాయిస్తాది తల్లీ. ఒక కమాను పట్టీ మార్పించేను. వాన పడితే ఎడం పక్క అద్దం కిందనించి నీరొస్తాది. మిగతాది మీరే సూసుకోండి" అన్నాడు. తన లోపాలు తానే చెప్పుకున్న పెళ్లికొడుకుని ఎక్కడైనా చూశామా?

ఇంజను మూత చల్లగా ఉంది. మొదటి సెల్ఫుకే అందుకుంది. అయస్కాంతం సొట్ట మీద కూడా అతుక్కుంది. నేను మళ్లీ గోనెపట్టా పరిచాను. ఈసారి నల్లరంగు లేదు, పైపైన ఎర్రటి దుమ్ములాంటి తుప్పు, తట్టితే ఖణేల్‌మంది. ఖాళీ బండి నడిపి చూస్తే చాలదని, నాలుగు బస్తాల ఇసక వేయించి, ఎత్తు మీదికి ఎక్కించి, దిగువలో బ్రేకు కొట్టించి చూశాడు మేస్త్రి.

కాగితాల దగ్గర ఒక్క చిక్కు వచ్చింది. ఫైనాన్సు అప్పు తీరిపోయింది గానీ సీ బుక్కులో కంపెనీ పేరు ఇంకా అలాగే ఉంది. పెద్దాయన మంచివాడే, అబద్ధం చెప్పేరకం కాదు. అయినా మా చెల్లెలు, "కంపెనీవాళ్ల దగ్గర ఫారం 35 సంతకం పెట్టించుకు రండి బాబాయిగారూ, అప్పుడు మొత్తం ఇస్తాను" అని, కొద్దిగా బయానా ఇచ్చి కాగితం మీద రాయించుకుంది. మంచితనం వేరు, కాగితం వేరు. మా ఇళ్లలో ఈ రెండూ ఒకటేననుకుని నష్టపోయిన ఆడవాళ్ల పేర్లు రాయమంటే ఈ పేజీ చాలదు.

అసలు కథ ఆ రాత్రి భోజనాల దగ్గర జరిగింది.

"కాగితాలు నా పేరు మీద పెట్టిద్దాం వదినా" అన్నాడు మరిది. అతను చెడ్డవాడు కాదు. అన్న పోయాక ఈ ఇంటికి కాపలాగా నిలబడ్డవాడు. "ఫారం 29, ఫారం 30, బ్రేకిన్‌స్పెక్టరు, ఇన్సూరెన్సు... ఇవన్నీ నువ్వెక్కడ తిరుగుతావు? పైగా ఏదైనా యాక్సిడెంటు అయితే సీ బుక్కులో పేరున్నవాళ్ల మెడకే చుట్టుకుంటుంది. 2018లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రిజిస్టర్లో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు. కోర్టులూ నోటీసులూ నీకెందుకు?"

చెల్లెలు మజ్జిగ పోస్తూ ఆగింది. నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. ఎందుకంటే నాకు నా సంగతి గుర్తొచ్చింది. నా మొదటి సీరియల్‌కి వచ్చిన పారితోషికంతో మా ఇంట్లో స్కూటరు కొన్నాం. కాగితాలు మావారి పేరు మీద. ఎవరూ బలవంతపెట్టలేదు, అసలు ఇంకో పేరు పెట్టొచ్చని ఇద్దరికీ తోచలేదు. ఆరేళ్ల తర్వాత అమ్మేశారు. నేను ఊరినుంచి వచ్చేసరికి వరండాలో స్కూటరు లేదు. అమ్మినందుకు కాదు, నా సంతకం అక్కర్లేకుండా అమ్ముడైపోయిందే అని మాత్రం ఒక రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మా చెల్లెలు మజ్జిగ గిన్నె కింద పెట్టింది. "బాబూ, పేరున్నవాళ్లే ఓనరన్నావు కదా. నోటీసు వస్తే పేరున్నవాళ్లకే వస్తుందన్నావు కదా. అందుకే నా పేరు. లాభం నాదీ, నోటీసు నీదీ అయితే ఎలా? రేపు నీ పిల్లలు పెద్దవాళ్లై పెదనాన్న బండి మాదే అంటే వాళ్లది తప్పు కాదు, కాగితం అలాగే చెప్తుంది. ఆఫీసుల చుట్టూ మాత్రం నాతో నువ్వు రావాలి. ఒక్కదాన్నే తిరగలేను."

మరిది కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గాజులు అమ్మావని నాకు చెప్పలేదేం వదినా?" అన్నాడు.

"చెప్తే నువ్వూ వద్దంటావు" అంది.

అందరం నవ్వాం. మరిది కళ్లు మాత్రం తుడుచుకున్నాడు. మర్నాటి నుంచి ఆమె వెంట తిరిగిందీ అతనే. బండి చేతికొచ్చిన 14 రోజుల్లో ఇన్సూరెన్సు కంపెనీకి తెలియజేయాలనీ, 30 రోజుల్లో పేరు మార్పుకి దరఖాస్తు పెట్టాలనీ గోడ మీది క్యాలెండరులో ఎర్రసిరాతో గుర్తు పెట్టిందీ అతనే.

నేను విశాఖ వచ్చాక మావారిని అడిగాను, "మన కారు సీ బుక్కు ఎక్కడుంది?" అని.

"బీరువాలో. ఎందుకు?"

"ఎవరి పేరు మీద ఉందో చూద్దామని."

ఆయన పేపరు దించి నా వైపు చూశారు. తర్వాత నెమ్మదిగా, "స్కూటరు సంగతి ఇంకా మరచిపోలేదా?" అన్నారు. అంటే ఆయనకీ గుర్తుందన్నమాట! ఇన్నేళ్లూ ఇద్దరం లప్పం పూసి రంగేసుకుని తిరుగుతున్నాం. ఆ సాయంత్రం కాఫీ చల్లారిపోయేదాకా మాట్లాడుకున్నాం.

మొన్న చెల్లెలు ఫోను చేసింది. సీ బుక్కు తన పేరు మీద వచ్చిందట. పెయింటరు వచ్చి బండి వెనకాల ఏం రాయమంటారని అడిగితే, "మా అక్క రచయిత్రి, కనుక్కుని చెప్తాను" అందట. ఇరవై నవలలు రాసినదాన్ని, ఒక్క వాక్యం కోసం రెండు రోజులు తలబద్దలు కొట్టుకున్నాను. శ్రమ గురించి ఒకటి, ప్రయాణం గురించి ఒకటి, కొబ్బరిచెట్టు గురించి ఒకటి... మూడు రాసి వినిపించాను.

అన్నీ విని, "బాగున్నాయక్కా, నీ నవలల్లో వాడుకో. నేను నా పేరూ, ఫోను నంబరూ రాయించేశాను. కాయలు కావలసినవాళ్లకి అవే పనికొస్తాయి" అంది.